అగ్గువ ఎవరికి?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. అగ్గువ. పత్రికల్లో చవక అనో, చౌక అనో రాస్తారు. మన ఇండ్లల్ల మాత్రం అగ్గువే. ఎదురుమాట పిరం. కన్నడిగులు కూడా అగ్గ అంటారు. మోటుమాట అని వెక్కిరించినవాళ్లకు ఆ చుట్టరికం చెప్తే చాలు.

ఈ మాటలో ఒక చిక్కున్నది. కొనేటోడు "అగ్గువకు దొరికింది" అని సంబురపడతాడు. అమ్మేటోడు "అగ్గువకు పోయింది" అని తల పట్టుకుంటాడు. ధర ఒక్కటే, మాట ఒక్కటే. దొరికిందా, పోయిందా అన్న దగ్గర మనం ఏ పక్కన నిలబడ్డామో తెలిసిపోతుంది. నెల జీతాల మీద బతికే మనం ఎక్కువగా మొదటి పక్కనే ఉంటున్నాం.

పత్తినే చూద్దాం. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అయితే తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఏరే నాటికి వాన పడితే దూదికి తేమ రాక ఏమొస్తది? ఆరబోసేందుకు జాగ ఉండదు, విత్తనాల అప్పు ఆగదు. వ్యాపారి దగ్గరికి పోతే ఆయన చెప్పిందే ధర. సరుకుకు విలువ లేక కాదు, రైతుకు ఆగే శక్తి లేక అగ్గువకు పోతుంది.

సర్కారు భాష ఇంకో తమాషా. రేషన్ దుకాణాన్ని ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ షాప్ అన్నారు. ఫెయిర్ అంటే న్యాయమైనది. తెలుగులోకి వచ్చేసరికి చౌక ధరల దుకాణమైంది. న్యాయం కాస్తా చౌకగా మారింది! పేదలకు తక్కువకు బియ్యం ఇవ్వాల్సిందే, ఆ తేడా ఖజానా భరించాల్సిందే. మన పేచీ అనువాదంతో.

మనుషుల శ్రమకూ ఇదే మాట వర్తిస్తుంది. పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు ఒకే ఫైలు చూస్తారు. ఒకరు రెగ్యులర్, ఒకరు ఔట్‌సోర్సింగ్. రెండో మనిషిని అగ్గువకు కొన్నారన్నట్టే. "ఒప్పుకునే చేరిండు గదా" అంటారు. పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో 2016 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం వాళ్లకూ వర్తిస్తుందన్నది. తక్కువ జీతానికి ఎవరూ ఇష్టపడి రారు, ఇంటిల్లిపాది తిండి కోసం వస్తారని కూడా చెప్పింది. పత్తి రైతు సంగతీ అంతే గదా.

రేపు ఆఫీసుకు పోయినంక, కాలేజీకి పోయినంక పక్క కుర్చీ మనిషి జీతమెంతో అడుగుదాం.