పట్టిన వెలుగును విడదీయడం


ఎవరి పేరిట ఈ ఉపన్యాసమో, ఆ మాస్టారు ఏ పాఠమైనా పొరపాటు జరిగిన చోటు నుంచే మొదలుపెట్టేవారు. నాదీ అదే దారి. 1967లో టోక్యోలో, రసాయనవేత్త షిరకావా పనిచేస్తున్న ప్రయోగశాలలో ఎసిటిలీన్‌తో పాలిమర్ చేస్తుండగా ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది. ఆ మెరుపు వెంట నడిచిన షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ 1977లో అయోడిన్ పట్టించిన పాలిఎసిటిలీన్ లోహంలా కరెంటు మోస్తుందని చూపారు. 2000లో వారికి నోబెల్ వచ్చింది.

మరి ప్లాస్టిక్‌తో ఎండను కరెంటుగా మార్చలేమా? చిక్కంతా ఇక్కడే. సిలికాన్‌లో వెలుగు పడగానే ఎలక్ట్రాన్ విడివడి పోతుంది. పాలిమర్‌లోనేమో తాను వదిలివచ్చిన ఖాళీని అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఆ జంటే ఎక్సిటాన్. సుమారు 10 నానోమీటర్ల దూరంలో విడదీసే పదార్థం తగలకపోతే ఆ రెండూ మళ్ళీ కలిసిపోతాయి, పట్టిన వెలుగు వృథా. కానీ వెలుగును బాగా పీల్చడానికి పొర దాదాపు 100 నానోమీటర్లు ఉండాలి. 1986లో కోడాక్‌లో చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పొరలు పేర్చి ఒక శాతం దాకా సామర్థ్యం సాధించారు. సరిహద్దుకు దగ్గరగా పుట్టిన జంటలే ఆయనకు దక్కాయి.

1992లో సరిచిఫ్ట్‌చి, హీగర్, వుడ్ల్ బృందం పాలిమర్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఫుల్లరీన్ అనే కార్బన్ అణువు అతివేగంగా లాక్కుంటుందని కనుక్కుంది. అయితే ఫుల్లరీన్ ద్రావకాల్లో సరిగా కరగదు. హుమ్మెలెన్, వుడ్ల్ దానికి ఒక తోక అతికించారు. అదే పీసీబీఎం. 1995లో పాలిమర్‌నూ పీసీబీఎంనూ ఒకే ద్రావణంలో కలిపి పొరగా పోస్తే, ఆరుతూ ఆరుతూ అవి ఒకదానిలోకి ఒకటి పెనవేసుకున్నాయి. సరిహద్దు ఒక గీతగా మిగలలేదు, పొర నిండా పరుచుకుంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఘట్టం ఇదే.

అసలు రూపకల్పన తర్వాత మొదలైంది. పి3హెచ్‌టి అనే పాలిమర్ వెలుగును పీల్చడం 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరే ఆగిపోతుంది, ఆపైన ఎంతో ఎండ మిగిలిపోతుంది. అందుకని పాలిమర్ గొలుసులో ఎలక్ట్రాన్‌ను ఇచ్చే ముక్కను, లాగే ముక్కను ఒకటి విడిచి ఒకటి కూర్చారు. ఇక పక్క గొలుసులు: కరెంటు మోయవు, ఎండా పట్టవు, కానీ అవి లేకపోతే పాలిమర్ కరగదు. మరీ గుబురుగా ఉంటే గొలుసులు దగ్గరగా పేరుకోవు, ఆవేశం ఒకదాని మీంచి మరొకదానికి దూకలేదు. ఈ తూకం కుదరక నెలలు పోగొట్టుకున్న విద్యార్థులను నేనెరుగుదును. వాళ్ళ శ్రమ ఏ గ్రాఫులోనూ కనిపించదు.

2010లో షికాగోలో లూపింగ్ యూ బృందపు పీటీబీ7 పాలిమర్ ఏడు శాతం సామర్థ్యం దాటింది. 2019లో జౌ యింగ్‌పింగ్ బృందం ఫుల్లరీన్ బదులు ఎలక్ట్రాన్‌ను లాక్కునే వై6 అణువును తెచ్చింది. ఫ్లోరిన్ తొడిగిన పీఎం6 పాలిమర్‌తో కలిసి అది 15 శాతం దాటింది, ఫుల్లరీన్ పక్కకు తప్పుకుంది. ఇప్పుడు 20 శాతం దరిదాపుల్లో ఉన్నాం.

కానీ పీఎం6 తయారీకి ఎన్నో మెట్లు ఎక్కాలి. పి3హెచ్‌టికి కొద్ది మెట్లే చాలు. ఆ కొద్ది మెట్లలోనే ఈ సామర్థ్యం రావాలి, ఏళ్ళ తరబడి ఎండలో నిలవాలి. మాస్టారి బల్ల మీద ఇప్పుడు ఉండవలసిన లెక్క అదే.