పిల్లల మనసుకు బడి ఆసరా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జీడిమెట్ల అనగానే ఎవరికైనా ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. తల్లి ఒక షిఫ్టుకు, తండ్రి ఇంకో షిఫ్టుకు పోయే ఇళ్ల పిల్లలు ఎందరో ఇక్కడ చదువుకుంటున్నారు. వాళ్ల పగలంతా సార్లు, మేడమ్‌ల కళ్ల ముందే గడుస్తుంది. అందుకే పిల్లల మనసులోని బాధ ఇంట్లో కంటే ముందు తరగతిలోనే కనబడవచ్చు.

మానసిక రుగ్మతల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే 40 మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురు.

ఆ ముగ్గురూ లేచి 'నాకు బాగాలేదు' అని చెప్పరు. బాగా చదివే అమ్మాయి ఉన్నట్టుండి వెనకబడుతుంది. ఆటల్లో ముందుండే అబ్బాయి ఇంటర్వెల్‌లో ఒంటరిగా కూర్చుంటాడు. మనం దాన్ని బద్ధకమనో, పొగరనో అనుకుంటాం. ఆ మార్పు రెండు వారాలైనా పోకపోతే పక్కకు పిలిచి మెల్లగా అడగాలి. చచ్చిపోవాలనుందన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఇంటివాళ్లను పిలిపించాలి. టీచరు డాక్టరు కానక్కర్లేదు. గమనించడం, అడగడం, ఓపికగా వినడం, వైద్యం దొరికే చోటికి దారి చూపడం చాలు.

'ఎర్రగడ్డ' అన్న మాట మన దగ్గర వెక్కిరింత అయిపోయింది. నిజానికి అక్కడున్నది వైద్యం చేసే ఆసుపత్రి. ఆ వెక్కిరింతకు జడిసి డాక్టరు దగ్గరికి పోని ఇళ్లెన్నో. ముందు బడిలో ఆ మాట ఆగాలి.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో మరణించిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి.

మిత్రులారా, స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కట్టిద్దామా, స్టేజీ కట్టిద్దామా అని ఆలోచిస్తున్నాం. రెండూ మంచివే. కానీ నా మనవి వేరు. ఒక కౌన్సెలర్ జీతానికి సరిపడా నిధి మనం సమకూరుద్దాం. రేపటి నుంచే ప్రతి తరగతి గోడ మీద టెలి-మానస్ నంబరు 14416 రాయిద్దాం. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.