ఆటగాని కీర్తి - బడిపిల్లల అన్నము



ఆటలలో గెలిచినవానికి జనులు చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లను ఆకలిగొన్న పిల్లల మేలునకై వినియోగించిన యొక యువకుని వృత్తాంతమును నేడు మీకు మనవి చేయదలచితిమి.

మార్కస్ రాష్‌ఫర్డ్ 1997లో ఇంగ్లండు దేశమున మాంచెస్టరు నగరమందు జన్మించెను. తల్లి యొంటరిగా ఐదుగురు బిడ్డలను పెంచినది. ఆమె రెక్కలు ముక్కలు చేసికొన్నను జీతము ఇల్లు గడచుటకు చాలెడిది కాదు. బడిలో ఉచితముగా పెట్టిన భోజనము, ఇరుగుపొరుగువారి ఆదరము ఆ బాలుని నిలిపినవి. పెద్దవాడై యతడు మాంచెస్టర్ యునైటెడ్ జట్టునందును, జాతీయ జట్టునందును ఆడి ఫుట్‌బాల్ క్రీడలో పేరుగాంచెను.

2020లో కరోనా వ్యాధివలన బడులు మూతబడినవి. బీదపిల్లలకు భోజనమునకు బదులుగా ప్రభుత్వము చీట్లు ఇచ్చెను గాని, వేసవి సెలవులలో ఇవ్వజాలమనెను. అప్పటికి రాష్‌ఫర్డ్ వయస్సు 22 ఏండ్లు. అతడు పార్లమెంటు సభ్యులకు బహిరంగముగా లేఖ వ్రాసెను. తన యింటి లేమిని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. తొలుత కాదన్న ప్రభుత్వము జూన్ 16వ తేదీన మనసు మార్చుకొని, వేసవి భోజనమునకు 12 కోట్ల పౌండ్లు కేటాయించెను. సుమారు 13 లక్షల పిల్లలు దానికి అర్హులైరి.

అక్టోబరులో, తక్కిన సెలవులకును ఈ సాయమును పొడిగింపవలెనను కోరికను పార్లమెంటు త్రోసిపుచ్చెను. అప్పుడు అనేక స్థానిక సంస్థలు, చిన్న చిన్న హోటళ్లు తమంతట తామే పిల్లలకు అన్నము పెట్టినవి. నవంబరులో ప్రభుత్వము చలికాలపు సాయమునకై 17 కోట్ల పౌండ్లు ప్రకటించెను.

సోదరులారా! పైవారు కాదన్ననాడు ఊరివారు ముందుకు వచ్చిన ఈ ఘట్టమును మనము మరువరాదు. మన దేశమున బడిపిల్లలకు వండిన అన్నమునే పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించినది. మన బడులలో మధ్యాహ్న భోజనము కలదు. అది యెట్లున్నదో కంచము ముందు కూర్చుండి చూచిన సభ్యులెందరు?

ఆకలిగొన్న పిల్లవాడు నోరు తెరచి అడుగడు. అడుగుట నామోషీ యనుకొనును. అందువలన మనమే పోవలెను. నెలకొక పర్యాయము ముందుగా తెలుపక బడికి పోయి, పిల్లల బంతిలో కూర్చుండి భోజనము చేయుదము. పప్పు పలుచనయ్యెనేమో, త్రాగునీరు శుభ్రముగా నున్నదో లేదో చూతము. వండిపెట్టు తల్లులకు బకాయిలున్నచో పైయధికారులకు వ్రాయుదము. సెలవులలో ఏ యింట పొయ్యి రాజదో వార్డు సభ్యునికి తెలియకుండునా? ఆ యింటి బిడ్డ పస్తుండకుండ చూచు భారము మనదే.

రాష్‌ఫర్డునకు దేశమంతయు ఎరిగిన పేరు కలదు. మన పేరు ఊరి పొలిమేర దాటకపోవచ్చును. ఆ పొలిమేరలోపల మాత్రము మన మాటకు విలువ కలదు. ఒక్క పిల్లవాని కడుపు నింపుటకు ఆ మాత్రపు విలువ చాలును.