కారు తలుపు దిగితే కీలు చూడండి
(సమ్మేళనం రోజున చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. నేను టెన్త్ కాగానే తెనాలిలో టింకరింగు షెడ్డులో చేరినవాణ్ణి. "నువ్వేం మాట్లాడతావురా?" అని మన కార్యదర్శి అడిగితే, "నాకొచ్చింది డోర్లేరా" అన్నాను. "అయితే వాటి గురించే చెప్పు, పది నిమిషాలు" అన్నాడు.

పొద్దున మన బడి గేటు తీసేటప్పుడు చూశారా? చివర పట్టుకుని కాస్త పైకెత్తితేగాని రావడం లేదు. మనం చదివేటప్పుడూ అంతే. నేల మీద అర్ధచంద్రంలా గీత పడి ఉండేది. రోజూ అందరం ఎత్తి తీశాం గానీ కీలు వంక ఎవరం చూడలేదు. పాత కారు తలుపుదీ అదే కథ.

నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద, ఫియట్ల మీద. అంబాసిడర్ బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారయ్యేది, 2014లో ఆపేశారు. ఫియట్ పద్మిని అంతకు ముందే ఆగిపోయింది. అయినా మన వైపు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. నాన్నగారి కారు అని అమ్మబుద్ధి కాదు. అలాంటి కారుకి కొత్త డోరు వెతకడం కంటే ఉన్న డోరుని నిలబెట్టుకోవడం మేలు.

బాగున్న డోరు రెండు మెట్లుగా పడుతుంది, టక్ టక్ అని. దిగిన డోరు లాకు ప్లేటుకి కొట్టుకుని, ఎగిరి కూర్చుంటుంది. దాంతో అందరూ "లాకు పోయింది" అంటారు. చాలాసార్లు లాకు పాపం ఏమీ చెయ్యదు.

నేనూ లాకునే తప్పు పట్టాను. అప్పటికి షెడ్డులో చేరి నాలుగేళ్ళు. బాపట్ల నుంచి ఒక టాక్సీ అంబాసిడర్ వచ్చింది, వెనక ఎడమ డోరు పడటం లేదని. మేస్త్రీగారు భోజనానికి వెళ్ళారు. నేను పిల్లరు మీదున్న లాకు ప్లేటు స్క్రూలు వదులు చేసి, ప్లేటుని కిందికి దించి బిగించాను. డోరు హాయిగా పడింది. పది రూపాయలు తీసుకున్నాను. అయితే పట్టింది మొదటి మెట్టే, రెండోది పట్టలేదు. నేను చెవి పెట్టి వినలేదు.

వారం తర్వాత ఆ కారు పెళ్ళివాళ్ళతో తెనాలి నుంచి రేపల్లె వెళ్తోంది. వేమూరు దాటాక ఒక కుడి మలుపులో ఆ డోరు తెరుచుకుంది. దాని పక్కనే తల్లి ఒళ్ళో మూడేళ్ళ పాప. తల్లి పాప గౌను దొరకబుచ్చుకుని లోపలికి లాగింది. పాప చెయ్యి రోడ్డుకి గీరుకుని మోచేతి దాకా చర్మం లేచిపోయింది. డ్రైవరు తిరిగొచ్చి నన్ను తిట్టలేదు. "ఈ డోరు నువ్వే చేశావు కదా తమ్ముడూ" అన్నాడు, అంతే. మేస్త్రీగారు నన్ను డోరు కింద చేతులు పెట్టి ఎత్తమన్నారు. ఎత్తాను. పై కీలులో పిన్ను టకటకలాడింది. పది రూపాయలు వెనక్కివ్వబోతే డ్రైవరు తీసుకోలేదు.

కాబట్టి ఆ పరీక్ష మీ ఇంటి దగ్గర మీరే చేసుకోండి. డోరు జానెడు తీసి, లాకు వైపు చివర కింద పట్టుకుని ఎత్తండి. ఇంకొకరిని కీళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. పిన్ను దగ్గర కదిలితే పిన్నో బుష్షో అరిగింది. కీలు రేకే పిల్లరు మీద కదిలితే బోల్టులు వదులైనట్టు, లేదా లోపల రేకు చీలినట్టు. కీలు గట్టిగా ఉండి డోరు ఒక్కటే ఊగితే డోరు లోపలి చట్రం పగిలింది. ఈ మూడింటికీ వైద్యం వేరు.

అరుగుదల మామూలుగా పై కీలుకే ఎక్కువ. డోరు బరువు పై కీలుని బయటికి లాగుతుంది, కింది కీలుని లోపలికి నొక్కుతుంది. మన లెక్కల మాస్టారు సరూప త్రిభుజాలు చెప్తూ "ఇవి ఎందుకు పనికొస్తాయో తర్వాత తెలుస్తుందిరా" అనేవారు. నాకు కారు కింద కూర్చున్నాక తెలిసింది. రెండు కీళ్ళ మధ్య 40 సెంటీమీటర్లు, కీలు నుంచి లాకుకి 100 సెంటీమీటర్లు అనుకోండి. పై పిన్ను దగ్గర 1 మిల్లీమీటరు వదులుంటే లాకు దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. లాకు మెట్టు తప్పడానికి అది చాలు.

బాపట్ల కార్లకి ఉప్పుగాలి జబ్బు. సూర్యలంక వైపు తిరిగే బళ్ళయితే మరీను. డోరు అడుగున నీళ్ళు పోవడానికి చిన్న బెజ్జాలుంటాయి. నూర్పిళ్ళ రోజుల్లో ఊక, దుమ్ము వాటిలో కూరుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి రేకుని తింటాయి. సన్న తీగతో పొడవండి, ఒక్క నిమిషం పని. రేపల్లె వైపు నల్లరేగడి నేల. ఎండకి పగిలి, వానకి ఉబ్బి రోడ్డుని ఎగుడుదిగుడు చేస్తుంది. ప్రతి కుదుపూ పిన్ను మీదే. ఇక మన తెనాలి వాళ్ళు తెరిచిన డోరు మీద మోచేతులు ఆనించి గంటసేపు కబుర్లు చెప్తారు! పెద్దవాళ్ళు డోరు పట్టుకునే సీటులోంచి లేస్తారు, వాళ్ళని వద్దనలేం. లోపల చేతిపట్టీ ఒకటి బిగించండి.

పని ఇలా చేస్తాం. ముందు లాకు ప్లేటు విప్పేస్తాం, అది ఉంటే దిగిన డోరుని ఎత్తి పట్టుకుని మనల్ని మోసం చేస్తుంది. డోరు కింద జాకీ, దాని మీద చెక్క, చెక్క మీద పాత గుడ్డ. కీలు విప్పాల్సొస్తే దాని చుట్టూ గీత గీసుకోవాలి. తుప్పు పట్టిన పిన్నుకి ముందు రోజు రాత్రే డీజిల్ పోసి ఉంచితే పొద్దున సుత్తి దెబ్బకి వస్తుంది. బెజ్జం అరిగి కోడిగుడ్డులా అయి ఉంటే రీమరుతో గుండ్రంగా చేసి, దానికి సరిపడా లావు పిన్ను లేతు మీద తీయిస్తాం. అరిగిన పిన్ను అలాగే ఉంచి కీలు వెనక రేకు ముక్కలు దోపేవాళ్ళున్నారు. నా షెడ్డులో అది ఒప్పుకోను. వెల్డింగు కావాల్సొస్తే బ్యాటరీ వైరు పీకి, డోరు లోపలి అట్ట విప్పించండి, ఆ అట్ట ఇట్టే అంటుకుంటుంది. అన్నీ అయ్యాక చివర్న లాకు ప్లేటు బిగించి, రెండు టక్‌లూ వినాలి.

ఒకటి మర్చిపోయాను. జాకీ ఎత్తగానే డోరు సందులు మారిపోతుంటే డోర్ల జోలికి పోకండి. అంబాసిడర్‌కి లారీలాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఎముకలగూడు. తలుపుల కింది గడప రేకు తుప్పుతో మెత్తబడితే బండి నడుము వంగుతుంది. ముందు గడప కట్టాలి.

పాత కార్లలో వచ్చినవాళ్ళు భోజనాలయ్యాక వేపచెట్టు కిందకి తీసుకురండి. జాకీ, చెక్క తెచ్చాను, చూసి చెప్తాను. బడి గేటు పై కీలుకి పిన్ను కొలత పొద్దునే తీసుకున్నాను. లేతు మీద చేయించి ఎల్లుండికి తెచ్చి వేస్తాను. ఈ రెండు రోజులూ ఎత్తి తీయండి.