చేతిలో పుల్ల, ఎదుట నూరుమంది



కండక్టరనగానే మనకు టిక్కెట్లిచ్చే బస్సు కండక్టరే గుర్తుకొస్తాడు. పాశ్చాత్య సంగీతంలో మరో కండక్టరున్నాడు. నూరుమంది వాయిద్యగాళ్ళ ఎదుట నిలబడి, సన్నని పుల్ల ఆడిస్తూ అందరినీ ఒక్క తాటిమీద నడిపిస్తాడు. తాను మాత్రం ఒక్క స్వరమైనా పలికించడు. ఆ విద్యకోసం మన దేశంనుంచి వెళ్ళిన ఒక కుర్రవాడు పరాయి ఊళ్ళో ఎలా కుదురుకున్నాడో ఈవేళ ముచ్చటించుకుందాం.

జుబిన్ మెహతా 1936లో బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి మెహ్లీ మెహతా ఫిడేలు విద్వాంసుడు, బొంబాయిలో సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించినవాడు. 1945లో ఆయన ఇంకా నేర్చుకోవాలని న్యూయార్కు వెళ్ళి కొన్నేళ్ళు ఉండిపోతే, ఇద్దరు మగపిల్లల్నీ తల్లి తెహ్మీనాయే సాకింది. జుబిన్ డాక్టరు కావాలని ఇంట్లోవాళ్ళ కోరిక. కాలేజీలో చేరాడు గాని మనసు నిలవలేదు. 1954లో, 18 ఏళ్ళవాడు, వియన్నా సంగీత అకాడమీకి ప్రయాణమయ్యాడు. అప్పుడు భర్తను సాగనంపిన ఇల్లాలు ఇప్పుడు కొడుకునూ సాగనంపింది.

ఫిడేలు నేర్చుకునేవాడు గదిలో కూర్చుని సాధన చేసుకోవచ్చు. కండక్టరు కాదలచినవాడికి వాద్యబృందమే వాద్యం. రోజూ నూరుమందిని ఎవరు తెచ్చిపెడతారు చెప్పండి? అందుకే గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ చేతులు ఊపడంకంటె ముందు స్వరాల పుస్తకాన్ని క్షుణ్ణంగా చదవాలనేవాడు. మెహతా డబుల్ బాస్ కూడా నేర్చాడు. అది మనిషిని మించిన ఎత్తుండే పెద్ద ఫిడేలు. బృందంలో దాని చోటు చివరనే!

మహామహుల రిహార్సళ్ళకు విద్యార్థులను రానిచ్చేవారు కాదు. మెహతా, అతని ఇటాలియన్ సహాధ్యాయి క్లాడియో అబ్బాడో ఊరుకున్నారా? గాయకబృందంలో చేరిపోయారు. శ్రోతలకు కనిపించేది కండక్టరు వీపే, పాడేవారికి ఆయన ముఖం, కళ్ళు, వేళ్ళు అన్నీ కనిపిస్తాయి. అలా బ్రూనో వాల్టర్, కరాయాన్‌ల విద్యను ఎదురుగా నిలబడి చూశారు.

1956లో హంగరీ తిరుగుబాటు అణిచివేతకు గురై జనం శరణార్థులై ఆస్ట్రియాకు వచ్చిపడ్డారు. మెహతా వారంరోజుల్లో విద్యార్థులనే బృందంగా కూర్చి, వారి శిబిరంలో కచేరీ చేశాడు. 1958లో లివర్‌పూల్‌లో జరిగిన కండక్టర్ల పోటీలో మొదటి బహుమతి అతనిదే. 1962 నాటికి లాస్ ఏంజిలిస్ ఫిల్‌హార్మోనిక్‌కు సారథి అయ్యాడు.

పిల్లలు మనమెరగని చదువేదో చదువుతామంటే, “అది కూడు పెడుతుందా?” అంటాం. అడగడం తప్పుకాదు. దానితోపాటు, “కొన్నాళ్ళు వెనకవరుసలో నిలబడే ఓపిక ఉందా నీకు?” అనికూడా అడుగుదాం. ఉందంటే, పెట్టె సర్ది పంపించవచ్చునండీ. నూరుమందిని నడిపించబోయేవాడు కూడా ముందు వారిలో ఒకడుగా నిలబడి నేర్చుకోవలసిందే కదా!