పాతకాపును మరల కొనవలెనా?



వయస్సు మీరుచున్న ఆటగానిని జట్టువారు మరల కొలువున పెట్టుకొనవలెనా, లేక సెలవిచ్చి పంపవలెనా యనునది నేటి నా ప్రసంగ విషయము. ఆటలతో మనకేమి పని యని మీరనవచ్చును. కాడికట్టు ఎద్దు విషయమునను, కొలువుచేయు మనిషి విషయమునను ప్రతి గృహస్థునకు ఎప్పుడో యొకప్పుడు ఎదురగు ప్రశ్నయే యిది.

2008లో మొదలైన ఐపీఎల్ క్రికెట్ పోటీలో జట్లు ఆటగాండ్రను వేలములో కొనును. కొన్ని యేండ్ల కొకసారి పెద్ద వేలము జరుగును. 2025 పోటీకి ముందు ఒక్కొక్క జట్టునకు 120 కోట్ల రూపాయల వ్యయమునకు అనుమతి యుండెను. తమ దేశముల పక్షమున ఆడినవారిలో ఐదుగురికి మించి వేలమునకు ముందు నిలుపుకొనరాదని నియమము. హైదరాబాదు సన్‌రైజర్స్ వారు 75 కోట్లతో ఐదుగురిని నిలుపుకొనిరి. విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి వారిలో నొకడు.

నియమము చేత విడువబడినవారిలో భువనేశ్వర్ కుమార్ ఉండెను. ఇతడు మేరఠ్ వాడు. 2014 మొదలు పదకొండు పోటీలలో హైదరాబాదు పక్షమున బంతి వేసెను. 2016లో జట్టు కప్పు గెలిచినపుడు 23 వికెట్లు, మరుసటి యేట 26 వికెట్లు తీసి, ఆ రెండేండ్లును బౌలర్లందరిలో మొదటివాడయ్యెను. ఇతనిని వేలమున మరల కొనవలెనా, వలదా?

వలదనువారి వాదము బలహీనమైనది కాదు. అప్పటి కతనికి ముప్పది నాలుగేండ్లు. 2024లో పదునారు ఆటలలో పదకొండు వికెట్లే తీసెను. నాగపురమున పుట్టిన మన తెలుగు కుటుంబీకుడు సి.కె. నాయుడు అరువదియొక్క యేండ్ల వయస్సున, 1956–57లో, ఉత్తర ప్రదేశ్ పక్షమున రంజీ పోటీలో ఆడెను గదా యని మీరనవచ్చును. అట్టివారు నూటికి కోటికి ఒక్కరు. పరుగెత్తివచ్చి బంతి విసరువానికి చీలమండ, మోకాలు, నడుము ముందుగా మొరపెట్టును.

ఇక రెండవ పక్షము. 2024 మే 2వ తేదీన ఉప్పల్ మైదానమున రాజస్థాన్ జట్టుతో ఆట. చివరి ఓవరులో ఎదిరిజట్టునకు పదుమూడు పరుగులు కావలెను. చివరి బంతికి రెండు మిగిలెను. అపుడు బంతి భువనేశ్వర్ చేతనున్నది. ఆ బంతికే వికెట్ తీసి, జట్టును ఒక్క పరుగుతో గెలిపించెను. గుండె దడదడలాడు వేళ చేయి వణకనిది ఏండ్ల సాధన చేతనే. అది లెక్కల పట్టికలో కనబడదు.

2024 నవంబరులో జెద్దా నగరమున వేలము జరిగెను. మొదటి దినముననే హైదరాబాదువారు మహమ్మద్ షమీని పదికోట్లకు కొనిరి. మరునాడు భువనేశ్వర్‌ను బెంగుళూరువారు 10.75 కోట్లకు కొనిరి. షమీ గొప్ప బౌలరు. 2023 ప్రపంచ కప్పులో 24 వికెట్లు తీసినవాడు. కాని యతడును 1990లో పుట్టినవాడే. అంతేగాక, చీలమండకు శస్త్రచికిత్స జరిగి 2024 ఐపీఎల్ ఆడలేదు. 2025లో షమీ తొమ్మిది ఆటలలో ఆరు వికెట్లు, భువనేశ్వర్ పదునేడు వికెట్లు తీసిరి. బెంగుళూరు మొదటిసారి కప్పు గెలిచెను.

ఫలితము చూచి తీర్పు చెప్పుట, నేడు పంచాంగము విప్పి నిన్నటి తిథి చెప్పుట వంటిది. కనుక వేలము నాటికి తెలిసినదానినే చూతము. యువకునికై పాతవానిని విడిచినచో అది న్యాయము. చేను పాతదైనను విత్తనము కొత్తది కావలెను. ఇచ్చట జరిగినది అది కాదు. ఒక పాతకాపును పోనిచ్చి, అదే యీడువానిని, ఇంచుమించు అదే వెలకు బయటినుండి తెచ్చిరి.

మా అమ్రాబాదు సీమ పొడతూర్పు ఎడ్లకు పేరుపడినది. సంతలో ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పగలము. అది ఏ గట్టునొద్ద మొరాయించునో కొన్నపిదప గాని తెలియదు. ఇంటి ఎద్దు కుంటును తెలిసినదే, ఓర్పును తెలిసినదే. ముసలియెద్దే కావలసివచ్చినపుడు ఇంటిదానిని వదలి సంతదానికి వెల కట్టుట గృహస్థధర్మము కాదు. భువనేశ్వర్‌ను మరల కొనవలసినదే యని నా యభిప్రాయము.

అయినను కృతజ్ఞతకై కొలువు ఇయ్యవలెనని నేను చెప్పను. కొలువు రేపటి పనికి. కృతజ్ఞత నిన్నటి పనికి. రెండవదానిని మర్యాదతో చెల్లింపవలెను. 2016లో 848 పరుగులు చేసి జట్టును గెలిపించిన నాయకుడు డేవిడ్ వార్నర్‌ను 2021లో పోటీ నడుమనే నాయకత్వమునుండి తొలగించి, తుదకు ఆడువారి పట్టికనుండియు తప్పించిరి. ఆ నవంబరులోనే యతడు ఆస్ట్రేలియా పక్షమున టీ20 ప్రపంచ కప్పులో 289 పరుగులు చేసి పోటీలో ఉత్తముడని పేరొందెను. పరుగులు రానపుడు మార్పు చేయుట జట్టువారి హక్కు. కాని తెలుగు పాటలకు చిందులు వేసి మన పిల్లల మనస్సు దోచుకొన్నవానిని గుమ్మము వరకైన సాగనంపవలసినది.

మీ యిండ్లలోను, పంచాయతీలలోను పాతవారి మాట వచ్చినపుడు, వయస్సు ఎంతయని అడుగుటకు ముందు, ఆ స్థానమున కూర్చుండువా డెవడని అడుగుడు. సమర్థుడైన చిన్నవాడు సిద్ధముగ నున్నచో పెద్దవానికి శాలువ కప్పి సెలవిండు. లేనిచో తెలిసినవానిని తొందరపడి విడువకుడు.

సెలవు.