ఎలక్ట్రాన్ల కట్టుబాటు



జనగామ పక్కనే ఉన్న పెంబర్తి పేరు వినగానే ఇత్తడి గుర్తుకొస్తుంది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనకవైపు నుంచి ఉలి పెట్టి చిన్న సుత్తితో కొడుతుంటే ముందువైపు పువ్వు లేస్తుంది. కొట్టగా కొట్టగా రేకు బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. ఎన్ని దెబ్బలు పడ్డా రేకు వంగుతుంది, సాగుతుంది, పల్చబడుతుంది గానీ, లోహం నలిగి సగమైపోదు. పరమాణువులో కేంద్రకం ఎంతో చిన్నది, చుట్టూ ఉన్నదంతా దాదాపు ఖాళీయే అని చదువుకున్నాం కదా. మరి ఆ ఖాళీలోకి లోహం ఎందుకు కుంగిపోదు?

దీనికి జవాబు 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ చెప్పిన నియమంలో ఉంది. ఇంటర్ పిల్లలు దాన్నే పౌలీ వర్జన నియమం అని చదువుతారు. పరమాణువులోని ప్రతి ఎలక్ట్రాన్‌కూ నాలుగు భాగాల చిరునామా ఉంటుందనుకోండి. ఏ పొర, అందులో ఏ ఆకారపు చోటు, అది ఏ దిక్కుకు ఉంది, చివరగా స్పిన్ అనే దాని సహజ గుణం పైకా కిందికా. ఏ రెండు ఎలక్ట్రాన్లకూ ఈ నాలుగూ ఒకటి కాకూడదు. అందుకే మొదటి పొరలో రెండే పడతాయి, రెండో పొరలో ఎనిమిది, మూడో పొరలో పద్దెనిమిది.

ఎందుకు కాకూడదు? ఇది కాస్త నిదానంగా వినాలి. ఎలక్ట్రాన్లన్నీ ఒకే రకం. ఇది ఫలానా, అది ఫలానా అని గుర్తుపట్టే మచ్చ దేనికీ లేదు. క్వాంటం శాస్త్రం వాటి స్థితిని ఒక సంఖ్యతో లెక్కగడుతుంది. మనం కొలవగలిగేది ఆ సంఖ్య వర్గాన్ని మాత్రమే. వర్గం చేస్తే ప్లస్సో మైనస్సో తెలియకుండా పోతుంది. కాబట్టి ఒకే రకం కణాలు రెండింటిని తారుమారు చేస్తే, ఆ సంఖ్య అలాగే ఉండొచ్చు, లేదా దాని గుర్తు మారొచ్చు. ఎలక్ట్రాన్ల విషయంలో గుర్తు మారుతుంది. ఇప్పుడు రెండు ఎలక్ట్రాన్లూ ఒకే స్థితిలో ఉన్నాయనుకుందాం. అటుదిటూ ఇటుదటూ పెట్టినా తేడా ఏమీ లేదు, కనక సంఖ్య అదే ఉండాలి. కానీ గుర్తు మారి తీరాలి. ప్లస్సయినా మైనస్సయినా ఒకటిగానే ఉండే సంఖ్య సున్నా ఒక్కటే. సున్నా అంటే అలా జరిగే అవకాశమే లేదని అర్థం. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వేరే సంగతి. ఇక్కడ అసలు అలాంటి స్థితే లేదు.

కాంతి కణాలది మొదటి దారి, తారుమారు చేసినా సంఖ్య మారదు. అవి ఎన్నయినా ఒకే స్థితిలో కూడగలవు, లేజర్ పనిచేసేది అందుకే. వాటి లెక్కను 1924లో తేల్చింది మన సత్యేంద్రనాథ్ బోస్. ఎలక్ట్రాన్‌ది రెండో దారి ఎందుకైంది అంటే, దాని స్పిన్ విలువ అర (1/2) కావడం వల్ల. ఈ సంబంధాన్ని పౌలీయే 1940లో నిరూపించాడు. ఆ నిరూపణను తేలిక మాటల్లో చెప్పలేకపోతున్నందుకు రిచర్డ్ ఫైన్‌మన్ అంతటివాడు తన పాఠాల్లో క్షమాపణ చెప్పుకున్నాడు. అర్థం కాలేదని పిల్లలెవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఇత్తడి సంగతి. ఇత్తడంటే రాగి, జింకు. రాగికి 29 ఎలక్ట్రాన్లు: 2, 8, 18, 1. జింకుకు 30: 2, 8, 18, 2. ఒక్క ఎలక్ట్రాన్ తేడాతో ఒకటి ఎర్రటి లోహం, ఇంకొకటి నీలిఛాయ తెలుపు. పౌలీ నియమం లేకపోతే అన్నీ మొదటి పొరలోకే దిగిపోయేవి. రాగి, జింకు అన్న తేడా మిగిలేది కాదు. రాగిలో ఊరికే తిరిగే ఎలక్ట్రాన్లు కూడా అడుగు స్థితులు నిండిపోవడం వల్ల ఒకదాని మీద ఒకటిగా పై శక్తులకు ఎక్కాలి. అన్నిటికన్నా పైనున్నవి సెకనుకు సుమారు 1500 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి, ఎంత చల్లబరచినా ఆగవు. నొక్కితే అవి ఇంకా పైకి ఎక్కాల్సి వస్తుంది. లోహం లొంగకపోవడానికి పెద్ద కారణం అదే. పదార్థం కుంగిపోకుండా నిలవడంలో ఈ నియమానిదే ముఖ్య పాత్ర అని 1967లో ఫ్రీమన్ డైసన్, ఆండ్రూ లెనార్డ్ లెక్కతో నిరూపించారు.

భూపాలపల్లి గనుల్లో దొరికే బొగ్గుదీ ఇదే లెక్క. కార్బన్‌కున్న ఆరింటిలో రెండు లోపలి పొరలో, నాలుగు బయట. ఆ నాలుగే ఆక్సిజన్‌తో కలిసి మంటనిస్తాయి. మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఖనిజం నుంచి తీయగలిగే ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం వెనకా ఈ కట్టుబాటే ఉంది.

ఇంత గట్టి నియమాన్ని కూడా శాస్త్రవేత్తలు ఊరికే నమ్మలేదు. 1990లో ఎరిక్ రాంబర్గ్, జార్జ్ స్నో ఒక రాగి పట్టీలో కరెంటు పంపి, కొత్తగా వచ్చిన ఎలక్ట్రాన్ ఏదైనా అప్పటికే నిండిన లోపలి పొరలోకి దూరుతుందేమోనని చూశారు. దూరితే మామూలుకు కాస్త భిన్నమైన ఎక్స్ కిరణం రావాలి. రాలేదు. తర్వాత ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, బయటి కిరణాల బెడద తక్కువగా ఉండే ప్రయోగశాలలో, మరింత సున్నితమైన పరికరాలతో రాగి మీదే వెతికారు. నియమం తప్పిన ఎలక్ట్రాన్ అక్కడా కనిపించలేదు.